ముప్పై రెండో ప్రశ్న

నా దగ్గర ముప్పై ఒక్క ప్రశ్నలున్నాయి.
పదకొండేళ్లుగా క్యాంప్‌బెల్‌టౌన్ చుట్టుపక్కల
తల్లినో తండ్రినో ఎక్కడ ఉంచాలో తేలక
గొంతు తడారి వచ్చినవాళ్లకి
అచ్చేసి ఇస్తాను.

రమ్మన్న వేళకి వెళ్లకండి, అంటాను.
అన్నం వేళకి వెళ్లండి.
హాల్లో పియానో ఉంటే మూత మీద దుమ్ము చూడండి.
పెద్దవాళ్ల గోళ్లు చూడండి.
ఎవరి గదిలోనో బెల్ మోగుతుంది కదా,
మాట్లాడుతూనే లోలోపల అంకెలు లెక్కపెట్టండి.
నూట ఇరవై దాటితే
బ్రోషర్ మడిచి సంచీలో పెట్టుకుని వచ్చేయండి.

రోజ్లీన్ నాయుడు అన్నిటికిందా గీతలు గీసుకుంది.
పుట్టింది ఫిజీలో. ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ.
తెలుగు రాదు.
వాళ్లమ్మ అచ్చమ్మకి ఈ ఏడు ముందు ఇంగ్లీషు పోయింది,
తర్వాత హిందీ.
మిగిలింది చెరుకు తోటల్లో వాళ్ల అవ్వ మాట్లాడిన తెలుగు,
విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చినది,
ఉప్పుగాలికి కాస్త తుప్పు పట్టినది.

"ఎవుల పిల్లవే నువ్వు?" అంది నన్ను చూసి.
చెప్పాను.
"కూడు తిన్నావేటి?"
తిన్నానన్నాను. అబద్ధం.

తమ్ముడు డేనియల్ ఇంకా ఒప్పుకోలేదు.
గిన్నె మాడితే ఏం, అందరికీ మాడుతుంది, అంటాడు.
మాడిన మూడో గిన్నె గురించి అక్క ఏమీ అనదు,
చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుంటుంది.

మూడు చోట్లు చూశాం.
మొదటి దానికి ఫౌంటెన్ ఉంది.
రెండో దానికి కార్పెట్ పాతది, బెల్‌కి నలభై రెండు.
మూడో చోట వంటింట్లో ఉల్లిపాయలు వేగుతున్నాయి,
అచ్చమ్మ గుమ్మంలో ఆగి గట్టిగా పీల్చుకుంది.
అక్కడ ఖాళీ కావడానికి ఏడు నెలలు.

ప్రతిచోటా మేనేజర్లని ఆవిడ అడిగింది ఒకటే:
"రేతిరి దీపం కొండెక్కించేది ఎవులు?"

రోజ్లీన్ నా వైపు తిరిగింది. కొండా? ఏ కొండ?
లంబాసాలో మా ఇంటి వెనకదేమో, అంది.
కాదు, దీపం ఆరిందని నోటితో అనం మేము,
కొండెక్కిందంటాం, అన్నాను.
అన్నాక నాలిక కరుచుకున్నాను.
'మేము' కాదు, 'మనం' అనాల్సింది.

నలభై ఏళ్లు ఇంట్లో ఆఖరి దీపం అమ్మదే, అంది రోజ్లీన్
నెమ్మదిగా, ఏదో లెక్క తేలినట్టు.
మేనేజర్లు నవ్వారు: సెన్సర్లండీ. వాటంతటవే.

రెండోది తీసుకున్నారు.
రోజ్లీన్ పనిచేసే చోటుకి పన్నెండు నిమిషాలు.
అదే మంచిదని నేను చెప్పలేదు.
ఏది మంచిదో నేను ఎవరికీ చెప్పను.
సంతకం దగ్గర డేనియల్ పెన్ను రాయలేదు.
నాది ఇచ్చాను. తిరిగి ఇవ్వలేదు.

ఆ రాత్రి నా కాగితం అడుగున
ముప్పై రెండు అని అంకె వేశాను.
పక్కన ఏం రాయాలో తెలీక అలాగే వదిలేశాను.

వారానికి రోజ్లీన్ ఒక బల్ల లాంపు తెచ్చింది,
గొలుసు లాగితే ఆరేది,
పాత సామాన్ల షాపులో ఆరు డాలర్లు.
ఎలక్ట్రీషియన్ వచ్చి పరీక్షించి
తీగకి పచ్చ చీటీ కట్టేదాకా
నాలుగు రోజులు ఆఫీసు బల్ల కింద ఉందది.
ఆ నాలుగు రాత్రులూ అచ్చమ్మ
స్విచ్చి కోసం నడవా గోడలు తడుముతూ తిరిగిందట.

నెల పోయాక రోజ్లీన్‌తో కలిసి వెళ్తే
రాత్రి డ్యూటీ నేపాలీ అమ్మాయి పుస్తకం తిప్పి చూపించింది.
మందులు, మంచినీళ్లు, బీపీ.
కింద, ఎవరు నేర్పారో గానీ,
వంకర ఇంగ్లీషు అక్షరాల్లో రోజూ ఒక్కటే మాట:
తొమ్మిదీ పది. దీపం కొండెక్కింది.

ఒక్క మంగళవారం మాత్రం తొమ్మిదీ నలభై.
ఎందుకని అడిగాను.

ఆ రోజు ఎక్కనంది, అంది ఆ పిల్ల.
కాసేపు కూర్చున్నాం.