ఖాళీ బండి, నిండు బండి

పోర్టు గేటు దగ్గర వేబ్రిడ్జి మీద
పన్నెండేళ్ళుగా బొగ్గు లారీలు తూస్తున్నాను.
ఖాళీ బండి ఇంత, నిండు బండి ఇంత,
తేడా ఇంత.
రాసి, సంతకం పెట్టి, చీటీ కిటికీలోంచి ఇస్తాను.
సాయంత్రానికి నా ముక్కుపుడక కింద
ఓ గ్రాము మిగిలే ఉంటుంది,
ఏ లెక్కలోకీ రాకుండా.

ఇల్లు జ్ఞానాపురంలో, రెండో అంతస్తు.
ఎండ ఎదురు మేడ గోడకి కొట్టుకుని
మిగిలిందేదో వంటింట్లోకి చెంచాడు వస్తుంది.
ఆ చెంచాడుకి తోడు ఒక ట్యూబ్ లైటు
అటక కింద తాళ్ళతో వేలాడదీశాను.
దాని కింద మెంతి, పాత దోసెల పిండి డబ్బాలో.
కొత్తిమీర రెండుసార్లు మొలిచి, పొడుగ్గా సాగి, పడుకుంది.
కరివేపాకుకి నాలుగు నెలలుగా నాలుగే రెమ్మలు,
అలిగిన ఆడపడుచులా.
పుదీనాకి మాత్రం ఏ పట్టింపూ లేదు,
నీళ్ళ సీసాలోనే వేళ్ళు దించేసి కూర్చుంది.

మట్టి ఆనందపురం నర్సరీ నుంచి తెచ్చాను.
బస్సులో గోనెసంచీ ఒళ్ళో పెట్టుకుంటే
కండక్టరు "లోపలేటమ్మా?" అన్నాడు.
మట్టి అన్నాను.
నవ్వాడు. నవ్వుతూనే లగేజీ టికెట్టు కొట్టాడు.

కిటికీ దగ్గర పెయింటు బకెట్లో బీరపాదు.
దాని నులితీగ గ్రిల్లు ఊచ కోసం గాల్లో తడుముకుంటుంది,
కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు.
పొద్దున్నే ఆకు మీద వేలితో గీస్తే నల్లటి గీత.
నేను తూచి పంపిందే
నాకన్నా ముందు ఇంటికొచ్చి కూర్చుంటుంది.
తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తాను,
బడికెళ్ళే పిల్ల మొహం తుడిచినట్టు,
చెవుల వెనక కూడా.

బీరపువ్వు సాయంత్రమే విచ్చుకుంటుంది,
నా షిఫ్టు తెలిసినట్టు.
తేనెటీగలు మా వీధికి రావు, వస్తే దగ్గుతాయేమో.
దూదిపుల్ల పట్టుకుని నేనే తిరిగాను
మగపువ్వు దగ్గర్నుంచి
నడుము కింద బుల్లి పిందె మోసే ఆడపువ్వు దాకా.
బజంత్రీల్లేవు.
పక్కింట్లో కుక్కరు మూడుసార్లు కూసింది.

ఎనిమిది పిందెలు రాలాయి.
చిటికెనవేలంత, పసుప్పచ్చగా.
చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాక
అదే బకెట్లో పాతాను.
తొమ్మిదోది నాకు తెలీకుండా
గ్రిల్లు దాటి, కిందికి దిగి
మొదటి అంతస్తు కిటికీలో కాసింది.

ఆ కిటికీ గేదెల వరహాలమ్మగారిది.
"నువ్వు నీళ్ళు పోసినప్పుడల్లా నా సీరల మీద ఎర్ర మరకలు,
ఏటి సెయ్యమంతావు?" అని
మెట్ల మీద మూడుసార్లు,
అసోసియేషన్ మీటింగులో ఒకసారి అడిగిన మనిషి.
వంగి చూస్తే కాయ కనపడేది.
జానెడు. తర్వాత మూరెడుకి కాస్త తక్కువ.
ఓ రోజు ఆవిడ చెయ్యి ఊచల్లోంచి బయటికొచ్చి
దాని కింద పాతచీర పేలికతో ఉయ్యాల కట్టింది.
నేను చప్పున తల వెనక్కి లాక్కున్నాను.

శుక్రవారం పొద్దున్న కాయ లేదు.
తొడిమ కోసిన చోట ఒక నీటిబొట్టు.
నాకు కోపం వచ్చింది.
పాదు ఎవరిది, మట్టి ఎవరిది,
లగేజీ టికెట్టు ఎవరు కొన్నారు!

రాత్రి వాళ్ళ మనవడు తలుపు తట్టి
స్టీలు గిన్నె ఒకటి చేతిలో పెట్టి పోయాడు.
బీరపొట్టు పచ్చడి. వెల్లుల్లి, ఎండుమిరప.
కాయ ఆవిడ తిన్నట్టుంది, తొక్క నాకు.
మొదటి ముద్దకే కళ్ళల్లో నీళ్ళు.
కారం వల్ల అని రాసుకోండి.

గిన్నె కడిగాను.
ఖాళీది తిరిగి పంపకూడదంటారు.
ట్యూబ్ లైటు కింద కత్తెరతో చాలాసేపు నిలబడ్డాను.
మెంతి ఓ గుప్పెడు కోసి వేశాను.
అలిగిన కరివేపాకు నుంచి ఒక రెమ్మ,
నాలుగింటిలో ఒకటి.

మెట్లు దిగుతుంటే
అలవాటు కొద్దీ చెయ్యి తూచింది:
ఖాళీ గిన్నె ఇంత,
నిండు గిన్నె ఇంత.
తేడా రాద్దామంటే
మెట్ల మీద లైటు లేదు.