బొటనవేలు వద్దు

దర్గామిట్టలో జిరాక్స్ కొట్టు పైన
మూతబడిన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్.
రెండో శనివారం సాయంత్రం ఆరింటికి
ఇనప మెట్ల మీద మా చెప్పుల చప్పుడు.
మిషన్లు ఎప్పుడో పాతసామాన్లకు పోయాయి.
ఏ వేలు ఏ అక్షరానికో చెప్పే పటం మాత్రం
గోడ మీద ఇంకా అట్టే ఉంది.
స్టూళ్ళు పద్దెనిమిదేళ్ళ నడుములకు చేసినవి,
మా నడుములు వాటి మీద సణుగుతాయి.

ఫీజు లేదు, పదవుల్లేవు.
హార్లిక్స్ సీసాలో టీకి తలా పది వెయ్యాలి.
వంతు వచ్చినప్పుడు
తెలిసింది ఒకటి చెప్పాలి.

రొయ్యల మేత అమ్మే చెంగయ్య
ఇడ్లీ గిన్నెలో నీళ్ళు పోసి, అటూ ఇటూ వంచి
సముద్రం పోటూ పాటూ చూపించాడు,
సగం నీళ్ళు నా చీర మీద.
కండక్టరు మస్తానమ్మ చిల్లర కిటుకు చెప్పింది:
"తీసివేత పెట్టుకోబాకండి.
టికెట్టు కాడ్నించి నోటు దాకా ఎక్కతా పొండి."
ఆ రోజు టీ కొట్టు దగ్గర
అందరం పెదాలు కదుపుతూ ఎక్కుతూనే ఉన్నాం.

నా వంతు మూడుసార్లు దాటేశాను.
ఒకసారి డ్యూటీ, ఒకసారి వాన,
ఒకసారి నోటికొచ్చిన అబద్ధం.
నాకేం తెలుసు?
పొగతోట ల్యాబులో పదహారేళ్ళుగా రక్తం తీస్తున్నాను.
జనం చెయ్యి చాపి మొహం తిప్పుకుంటారు.
నాకు చేతులు గుర్తుంటాయి,
వాళ్ళకు సూది గుర్తుంటుంది.

ఈసారి తప్పలేదు.
"నాడి చూడ్డం" అన్నాను, నోరు ఎండిపోతుంటే.
"పక్కనున్నోళ్ళ మణికట్టు పట్టుకోండి."

ఎవరూ కదల్లేదు.
ఏటా ఇదే వీధి చివర నీళ్ళలో దిగి
ముక్కూమొహం తెలియని చేతికి రొట్టె ఇచ్చే ఊరే ఇది.
అయినా అప్పుడు
మధ్యలో రొట్టె ఉంటుంది కదా.

పెంచలనర్సయ్యే మొదట చొక్కా చెయ్యి మడిచాడు,
పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి దిగిపోయినాయన.
మస్తానమ్మ ముందు చెయ్యి చాపాడు,
చిల్లర కోసం చాపినట్టు.
ఇంక మిగతా చేతులు ఒకటొకటే లేచాయి.

"దొరికింది! గుర్రంలా పోతావుండాది!"
చెంగయ్య అరిచాడు,
కొత్తగా వచ్చిన బ్యాంకు గుమాస్తా చెయ్యి
బొటనవేలితో నొక్కిపట్టి.
"అది మీదే" అన్నాను.
"బొటనవేలు వద్దు. దానికి దాని నాడి ఉంటుంది.
దాంతో ఎవర్ని పట్టుకున్నా
మీకు మీరే వినబడతారు."

మొదటి రోజు సలోమక్క నాకు చెప్పిన మాటే అది,
నా వేళ్ళ మీద ఒక్కటి వేసి మరీ.
గదిలో ఎవరూ మాట్లాడలేదు.
నేనేదో తప్పు చెప్పాననుకున్నాను.

కరెంటు పోయింది.
ఎవరూ ఫోను లైటు వెయ్యలేదు.
కింద ఆటోల హారన్లు, జిరాక్స్ కుర్రాడి తిట్లు,
చీకట్లో అంకెలు గొణుగుడు.
"డెబ్బై నాలుగు."
"ఎనభై ఎనిమిది, ఏందబ్బయా, పరిగెత్తొచ్చావా?"
గుమాస్తా నవ్వితే లెక్క తప్పింది.
పెంచలనర్సయ్య ఇప్పుడు మస్తానమ్మ చెయ్యి చూస్తున్నాడు,
రెండుసార్లు మొదటికొచ్చాడు.
"ఆవుకైతే తోక కింద చూస్తాం.
ముప్పై ఏళ్ళు అట్టనే చూశా.
మనిషిది ఇదే మొదలు."
"తోక లేదు, సర్దుకో" అందామె,
చెయ్యి మాత్రం తీసుకోలేదు.

లైటు వచ్చాక అందరం ఎటో చూశాం.
గుమాస్తా పటం వైపు,
నేను హార్లిక్స్ సీసా వైపు.
వచ్చే నెల ఎవరి వంతో తేల్చకుండానే
మెట్లు దిగేశాం.

సోమవారం ఉదయం ఏడింటికి
మొదటి చెయ్యి బల్ల మీదికొచ్చింది.
మోచేతి దగ్గర పాత కాలిన మచ్చ,
మొహం అప్పుడే గోడ వైపు తిరిగింది.
రబ్బరు కట్టు బిగించబోయి ఆగాను.
పేరు చీటీ మీద ఉంది.
అయినా అడిగాను.