వెనకసీటు

శుక్రవారం తెల్లారకముందే
పదో నంబరు పానాతో నాలుగు బోల్టులు విప్పుతాను.
ఆరు రోజులు నా వీపుకు ఆనుకుని తిరిగిన డబ్బా
ఎవరెవరివో బిర్యానీల వాసనతో
లింబాద్రన్న మంచం కిందికి దూరుతుంది.
డబ్బా దిగిన బండి
తలంటుకుని వచ్చిన మనిషిలా ఉంటుంది.
స్టార్ట్ చేస్తే గొంతు కూడా వేరు.

రువీ గల్లీలో కరక్ చాయ్ కొట్టొక్కటే మేలుకుంది.
ఓబులేసు వచ్చాడు, చీకట్లోనే చలువద్దాలు పెట్టుకుని.
పల్లంరాజు వచ్చాడు, గాలపు దారం చుట్టిన పెప్సీ డబ్బాతో.
షిహాబ్‌ది మలప్పురం. మా దగ్గర నేర్చిన తెలుగు మూడు ముక్కలు:
పోదామా, పెట్రోలు, ఇంకోటి ఇక్కడ రాయలేను.

నాలుగు బళ్ళు, ఐదుగురం.
ఐదోవాడు లింబాద్రన్న,
టైల్స్ మేస్త్రీ, మోకాళ్ళ మీదే సగం మస్కట్ తిరిగినవాడు.
మూడేళ్ళుగా నా వెనకసీటు ఆయనదే.
మొన్న మంగళవారం, మూడోసారికి, లైసెన్సు ప్యాసయ్యాడు.
అంగీ జేబులో ఉందా లేదా అని
ప్రతి సిగ్నల్ దగ్గరా తడుముకుంటున్నాడు.

వారమంతా ఫోను నన్ను నడుపుతుంది.
ఎడమకు తిరగమంటుంది, తిరుగుతాను.
నాలుగు నిమిషాలు ఆలస్యమంటుంది,
ఎర్రలైటు ముందు నిలబడి ఎవరికో మనసులోనే సారీ చెప్తాను.
ఈరోజు అది సీటు కింద పానాల పక్కన పడుకుంది.
ఆమెరాత్ ఎక్కుడు ఎక్కుతుంటే
ఎవరి ఆకలీ నా వెంట పడటం లేదు.
వెనక నుంచి లింబాద్రన్న ఏదో అంటున్నాడు.
హెల్మెట్లో గాలి హోరు. ఎప్పటిలాగే
ఊ, ఊ అన్నాను.

ఖురయ్యాత్ ఒడ్డున పడవలు అప్పుడే దిగాయి.
పల్లంరాజు గాలం వేసి గంట కూర్చుంటే
చూపుడువేలంత చేప పడింది. వదిలేశాడు.
"వచ్చే వారానికి ఎదుగుద్దిలే."
ఓబులేసు బండికి ఫోటోలు తీస్తున్నాడు,
మనుషులు అడ్డమొస్తే కసురుతూ:
"పక్కకు జరగండప్పా, బండికి ఎండ తగలాల!"
షిహాబ్ ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని
పరోటా తింటున్నాడు, కాకులతో మాట్లాడుతూ.

తిరుగు దారిలో లింబాద్రన్న
తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.
ఏం మాట్లాడలేదు. చెయ్యి మాత్రం వణికింది.

రెండుసార్లు బండి ఆగిపోయింది.
"క్లచ్, క్లచ్" అని షిహాబ్ మలయాళంలో అరిచాడు,
ఆ మాట ఏ భాషలోనైనా అంతే.
మూడోసారి, లైసెన్సులాగే, కదిలింది.

చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.
కాళ్ళు లేని గేరు కోసం వెతికాయి.
బ్రేకు నాది కాదు, అద్దం నాది కాదు,
ముప్పై కిలోమీటర్ల వేగం. లారీలు మమ్మల్ని దాటిపోతున్నాయి.
చూడ్డానికి రోడ్డు లేక
తల పక్కకు తిప్పాను.

కొండలు.
పొర మీద పొర. పసుపు కలిసిన సున్నం రంగు,
తడి ఇటుక రంగు, మధ్యలో
పగిలిన సీసాలాంటి సన్నటి ఆకుపచ్చ గీత.
నీడ ఒకటి వాటి మీదుగా మాతో సమానంగా నడుస్తోంది.
వారం వారం ఇదే దారి, ఇన్నేళ్ళూ
నేను తారును మాత్రమే చూశాను.

బండి గోడవార ఆపి
లింబాద్రన్న హెల్మెట్ తీశాడు, చెమట ధారలు.
"సూసినవా? ఎడమ దిక్కు, ఆ పచ్చ గీత?
మూడేండ్లసంది ఎన్క కూసోని ఇదే చెప్తున్న.
నువ్వేమో ఊ అంటవు."

నాలుగింటికి డ్యూటీ.
మంచం కింద నుంచి డబ్బా లాగితే
మూడు బోల్టులే దొరికాయి.
వారమంతా ఆ మూల నా వీపు వెనక
టకటకమంటూ ఏదో చెప్తూనే ఉంది.
కొత్త బోల్టు వంద బైసాలు.
ఇంకా కొనలేదు.