చిల్లర దిగేటప్పుడు

నల్లగొండ గడియారం సెంటరు దాటినంక
మందుల దుకాణం పక్క ఇరుకు మెట్లు,
పైన జరీనా మేడం గది.
కింద వెల్డింగు షాపు. గదిల కూలరు గుర్రు పెడ్తది.

హిప్నోథెరపీ అంటే వశీకరణమే అని
మా ఆడబిడ్డ కొంగుకు నిమ్మకాయ కట్టి పంపింది.
మేడం నవ్వలే. ముడి విప్పించి బల్ల మీద పెట్టించింది.
"దీన్నే చూడు సైదమ్మా.
రెప్పలు బరువైనప్పుడు ముయ్యి, తొందర లేదు."

పదకొండు రాత్రులాయె నేను పండక.
డాక్టరు చూపినప్పుడు రొమ్ముల కంది గింజంత.
రాత్రి రెండైతే అదే గుమ్మడికాయ,
తెల్లారేసరికి ఇంటి దూలం.
పట్నంల సూది గుచ్చి ముక్క తీసిండ్రు,
పేరు చెప్పిండ్రు.
ఎంత దూరం పాకిందో స్కాను చెప్పాల్నట,
దానికింకా ఆరు దినాలు.
కీమో మొదలే కాలే,
దువ్వెనకు వెంట్రుకలొస్తున్నయి.

"సముద్రం ఒడ్డున కూర్చున్నట్టు అనుకో."
నేను సముద్రం చూడలే మేడం.
"పోనీ, పచ్చటి తోట?"
తోటంటే మాకు బత్తాయి తోట,
బోరెండితే మా నాయన గొడ్డలి పట్టిన తోట.
కాసేపు ఇద్దరం మాట్లాడలే.
కింద నిప్పురవ్వల చిటపట.
"మరి నీకు భయం లేని జాగ ఏది?"
ఆలోచించకముందే నోట్లకెల్లి వచ్చింది:
ఫస్టు ట్రిప్పు. దేవరకొండ డిపో. నాలుగూ నలభై.

ఇగ ఆమె పది, తొమ్మిది అని లెక్కపెట్టలే.
స్టేజీలు నన్నే చెప్పమన్నది.

ఇంజను ఉడుకుతుంటే కాళ్లకింద రేకు వణుకుతది.
ఆ వణుకును పాదాలల్లకు రానియ్యమన్నది. వచ్చింది.
కొండమల్లేపల్లి. పాల క్యాన్లు ఎక్కినయి,
నా భుజాలు దిగినయి.
గుర్రంపోడు. దవడ వదులైంది,
ఇన్ని దినాలు పండ్లు కరుసుకొని ఉన్ననని అప్పుడు తెలిసె.
కనగల్ కాడ కిటికీలు తెల్లవడ్డయి.
ఊపిరి, గేరు మారినట్టు,
ఒక్క క్షణం ఆగి కిందికి పోయింది.

"బస్సుల ఎవరెవరున్నరు?"
పాలోళ్లు. పత్తి ఏరబోయే ఆడోళ్లు.
పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయిన పరీక్షల పిలగాడు.
"ఇంకా?"
ఆఖరు సీట్ల ఒకాయన. మొకం దాకా గొంగడి.
టికెట్టు తీస్కోలే.
"ఎవరాయన?"
నాకెరుకే. చెప్పబుద్ధి కాలే.
"దింపేద్దామా?"

వద్దు మేడం.
పద్దెనిమిదేండ్ల సర్వీసుల
నడిరోడ్డు మీద ఎవర్నీ దింపలే నేను.
లేచి, రాడు పట్టుకొని, ఆఖరుదాక పోయిన.
ఏడికి?
జవాబు లేదు. గొంగడిలకెల్లి చెయ్యి మాత్రం వచ్చింది,
చేతిల ఐదొందల నోటు.
పొద్దుపొద్దున్నే, బోణీ కూడ కాకముందు, ఐదొందల నోటు!
కండ్లు మూసుకొనే నవ్విన.
మిషన్ల టికెట్టు కొట్టి, వెనక బాకీ రాసి ఇచ్చిన.
చిల్లర దిగేటప్పుడు పెద్దాయనా.
జర ఒదిగి కూసో, ఇంకోలకు జాగియ్యి.

ఆ రాత్రి నాలుగు గంటలు పండిన.
గడ్డ గడ్డతీరుగనే ఉన్నది.
నిమ్మకాయ పప్పుచారుల పిండిన,
ఆడబిడ్డకు చెప్పలే.

స్కానుల పండవెట్టి గూట్లెకు నూకినప్పుడు
నెత్తిమీద మిషను మూలుగుతుంటే
మనసుల స్టేజీలు పిలుసుకుంట పోయిన.
కనగల్ కాడ బయటికి తీసిండ్రు.

నిన్న కాయితం వచ్చింది.
చంకలకు కూడ పాకిందట.
డాక్టరు ఇంకేందో చెప్తున్నడు,
కీమో ఎన్నిసార్లు, తర్వాత కరెంటు పెట్టుడు,
ఆధార్ కార్డు జిరాక్సులు.
ఆఖరు సీట్ల గొంగడాయన లేసి నిలవడ్డడు,
బస్సంత ఎత్తు.

నా పాదాల కింద రేకు వణుకుతున్నది.
పెద్దాయనా, కూసో.
నీ స్టాపు ఇంకా రాలే.
నీ బాకీ నాకు యాదికున్నది.