నిబంధన ఏడు

మూడో శనివారం, సాయంత్రం నాలుగు.
కర్నూలు మున్సిపల్ ఆఫీసు మేడమీద
పన్ను బకాయిల గదిని ఆనుకొని
నగర కళా సలహా సంఘం.
ఏడు కుర్చీలు. ఎనిమిదోది నాది,
దానికి ఒక చెయ్యి లేదు.
నేను సభ్యురాలిని కాను,
మినిట్స్ రాసే మనిషిని.

సలహా అంటే ఏమిటో ఈ రెండేళ్ళలో తెలిసొచ్చింది:
సంతకం పెట్టే చెయ్యి కింది అంతస్తులో ఉంటుంది,
ఇక్కడుండేది నోరొక్కటే.
ఆ నోటితోనే పోయినేడు
బుధవారపేట పిల్లలకు డప్పులు తెప్పించారు.
ఉగాదికొచ్చాయి. దసరాకి అడిగినవి.

ఈసారి లక్షా ఎనభై వేలు, దరఖాస్తులు పందొమ్మిది.
చెక్కభజన దళానికి గజ్జెలు.
ఖవ్వాలీ కుర్రాళ్ళకు మైకు.
బురుజు గోడ మీద బొమ్మలేస్తామని
కాలేజీ ఆడపిల్లలు నలుగురు.
ఆ గోడ మనది కాదన్నారు ఎవరో.
"నీళ్ళ ట్యాంకు గోడ మనదే కదా"
అన్నారు డ్రాయింగు మాస్టారు ఇమ్మానియేలు,
రిటైరై పదకొండేళ్ళయినా
జేబులో సుద్దముక్క తడుముకుంటూ.

ఒకాయన విగ్రహం అన్నాడు.
ప్రతి నెలా అంటాడు.
ఎవరిదని అడిగితే
"ముందు దిమ్మె కట్టుకుందాం" అంటాడు.

పదిహేడో కాగితం హార్మోనిస్టు దూదేకుల మౌలాలిది.
రెండు వేల తొమ్మిదిలో
తుంగభద్రా హంద్రీ చేతులు కలిపి
ఊళ్ళోకొచ్చిన రాత్రి
పెట్టెను అటకెక్కించాడు.
నీళ్ళు కూడా అటకెక్కాయి.
అప్పట్నుంచి మధ్యమం పలకదు,
మధ్యమం వచ్చేచోట ఆయనే గొంతెత్తి పూడుస్తాడు.
రీడ్లకు, తిత్తికి, కూలికి
నాలుగు వేల రెండొందలు.
నాటకం పేరు అన్నచోట "జనం అడిగింది" అని,
వ్యవధి అన్నచోట
"తెల్లారేదాకా" అని రాశాడు.

నిబంధన ఏడు:
కార్యక్రమం రాత్రి పది గంటలకు ముగియవలెను.
పద్యనాటకానికి పదికి
ఇంకా మొహాలకు అర్దళం పూస్తుంటారు.

టీ గ్లాసులు ఎవరూ ముట్టుకోలేదు.
ముప్పై ఏళ్ళు రాణి వేషాలు కట్టి
ఇప్పుడు పాత బస్టాండు దగ్గర
ఉగ్గాని బండి పెట్టుకున్న సుంకులమ్మ
కొంగు సర్దుకొని అంది:
"ఏం సార్, రాజును అడివికి తోలేది పదకొండుకి.
సగం దావలో ఆయప్పను నిలబెట్టి
లైట్లు ఆర్పేస్తారా?
తిరిగొచ్చే పద్యాలన్నీ
కోడికూసే యాళకే కదప్పా ఉండేది."

నేను రాసింది ఇది:
"సభ్యులు నిబంధన ఏడును గూర్చి చర్చించిరి."
ఆమె అన్నమాట పట్టే గడి
ఆ పుస్తకంలో లేదు.
అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆఖరికి కుదిరిన వాక్యం:
"వ్యవధి: దరఖాస్తుదారు కోరిన విధముగా."
ఫైలు మూడు బల్లలు తిరిగి
నెలా పదిరోజులకు మేడెక్కింది.
మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో
ఒక ప్రశ్నార్థకం, దాని పక్కన సంతకం.
మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు చూసి
"వంపు బాగా వేశాడు" అన్నారు.
"కాదని అయితే రాయల్యా" అంది సుంకులమ్మ.

మాఘమాసం, మున్సిపల్ స్కూలు మైదానం.
పదికి గేటు మూయమని
వాచ్‌మన్ బీచుపల్లికి ఎవరో చెప్పారు.
పదికి లేచాడు, గేటుదాకా పోయాడు,
అప్పుడే మౌలాలి తిత్తి నొక్కాడు.
మధ్యమం పలికింది.
ఏళ్ళ అలవాటున ఆయన గొంతూ లేచింది,
రెండూ ఒకదాన్నొకటి తగిలి
ఆయనే నవ్వేశాడు, జనం ఈలలేశారు.
బీచుపల్లి తాళంకప్ప ఒళ్ళో పెట్టుకొని
ముందువరసలో, పిల్లల పక్కన,
కింద కూచున్నాడు.

రాజు తిరిగొచ్చేసరికి
కె.సి. కాలవ వైపు తెల్లగా ఉంది.
పాలవాళ్ళు సైకిళ్ళు ఆపి చూశారు.
సుంకులమ్మ బండి ఆరోజు ఆలస్యం.

కరెంటు బిల్లు
మూడొందల అరవై ఎక్కువొచ్చింది.
వచ్చే శనివారం ఎజెండాలో
అది మొదటి అంశం.
రెండోది విగ్రహం.