గురువారం పట్టీ

కాశీబుగ్గ బస్టాండులో దిగి
ఆటో ఎక్కి, జీడితోటల మధ్య సగం దారిలో దిగి
మిగతా సగం ఇసకలో నడిస్తే
లోలాక్షి ఇల్లు.
వాకిట్లో కొబ్బరి పీచు, ఎండబెట్టిన జీడితొక్కు,
గడపలో ఢిల్లేశ్వరి.
ఏడేళ్లు.
కళ్లలో వెలుతురు మసకగా కొంచెం,
చెవుల్లో అదీ లేదు.

శ్రీకాకుళం క్యాంపులో
చూపుకి ఒక వరస, వినికిడికి ఒక వరస.
"రెండూ అంటే ఎక్కడ రాయాలమ్మా,
ఏదో ఒకటి చెప్పండి" అన్నాడట
కాగితాలు చూసే అబ్బాయి. చెడ్డవాడేం కాదు.
లోలాక్షి పొద్దుగుంకేదాకా
పిల్లని చంకనేసుకుని
ఈ వరసలోంచి ఆ వరసలోకి తిరిగి
చివరికి ఏ వరసలోనూ లేకుండా బస్సెక్కింది.

నాకు శిక్షణలో చెప్పారు:
పిల్ల చేతిమీద నీ చెయ్యి వెయ్యకు,
కింద పెట్టు.
పైన వేస్తే పట్టుకోవడం, కింద పెడితే అడగడం.
నోట్సులో రాసుకున్నాను, గీత కూడా గీశాను.
మొదటి నెలంతా
ఢిల్లేశ్వరి నా చెంచా విసిరేసింది,
నా పూసలు విసిరేసింది,
నా ముంజేతిని కొరికింది.
గీత గీసిన వాక్యం గుర్తొచ్చేసరికి
నా చెయ్యి అప్పటికే పైన ఉండేది.

తల్లిని మాత్రం ఎక్కడున్నా పట్టేసేది.
లోలాక్షి ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొడుతుంది.
పదకొండేళ్లుగా తొక్కలోని నూనె
ఆమె వేళ్లని తినేసింది.
నల్లగా, గరుగ్గా, గీత అన్నది లేకుండా.
రేషన్ మిషను మీద బొటనవేలు పెడితే
ఎర్రదీపం. కొంగుతో తుడిచి పెడితే ఎర్రదీపం.
"నీ వేలు నీది కాదంతంది ఇది" అన్నాడు డీలరు.
వెనకాల వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.
సాయంత్రం ఇంటికొచ్చి అదే వేలు
కూతురి బుగ్గకి ఆనించగానే
పిల్ల ఒళ్లంతా ఇటు తిరిగింది.
ఒక్కసారికే.
నేను చూస్తూనే ఉన్నాను.

అప్పట్నుంచి నా పాఠం లోలాక్షి దగ్గర.
అన్నానికి ముందు పిల్ల అరచేతిలో
వేళ్ల కొసలు ఎలా కలుపుతుందో,
నీళ్లు పోసేముందు భుజం నుంచి మోచేతిదాకా
ఎలా రాసి చెబుతుందో.
"నాకేటి సదువొచ్చు టీచరమ్మా,
మా గుంటకి ఏటి సెప్పాలో సేతికే తెలిసిపోద్ది."
ఆ మాటా నోట్సులో రాసుకున్నాను.
గీత గీయలేదు.

చెప్పుల పెట్టెలో అట్టముక్కలతో అరలు చేశాం.
చెంచా అంటే అన్నం,
దోమతెర ముక్క అంటే నిద్ర,
పీచు అంటే తోటలో నడక.
నాకు గుర్తేమిటని నేను వెతుకుతుంటే
ఢిల్లేశ్వరే చూపించింది:
వెళ్లిన ప్రతిసారీ నా మణికట్టు తడిమి
గడియారం పట్టీ దగ్గర ఆగేది.
పాత పట్టీ ఒకటి తెచ్చి చివరి అరలో వేశాను.
అది గురువారం.

కార్తీకంలో తుపాను.
కొబ్బరిచెట్లు రోడ్లమీద పడుకున్నాయి.
రెండు గురువారాలు
బస్సు లేదు, కరెంటు లేదు, ఫోను లేదు.
ఇల్లు ఊగడం ఆమెకి తెలిసే ఉంటుంది.
ఎందుకూగిందో ఎవరు చెబుతారు, ఏ వస్తువు పెట్టి?
మా పెట్టెలో గాలికి అర లేదు.
రాని మనిషికీ లేదు.

మూడో వారం చెట్ల మొండేలు దాటుకుంటూ వెళ్లాను.
కప్పు సగం ఎగిరిపోయిన ఇల్లు.
గడపలో అదే చోట ఢిల్లేశ్వరి.
చెయ్యి కింద పెట్టాను, ఈసారి మరిచిపోకుండా.
మణికట్టు తడిమింది.
ఆగింది.
లేచి, గోడ పట్టుకుని వెళ్లి, పెట్టె తడిమి
తన పట్టీ తెచ్చి
నా అరచేతిలో ఠపీమని కొట్టింది.
తీసి, మళ్లీ కొట్టింది.
రెండుసార్లే.
లెక్కలు ఇంకా నేర్పలేదు నేను.

"ఓలమ్మో, నిన్ను తిడతంది టీచరమ్మా!" అని
తడిసిన బియ్యం ఆరబోస్తున్న లోలాక్షి
పడీపడీ నవ్వింది.
ఆ తిట్టుని
రిజిస్టరులో ఏ గడిలో రాయాలో తెలీక
తేదీ మాత్రం వేసి వచ్చాను.