నిండు చూలాలు

ఖాళీ చేస్తే గొడవే లేదు.
లోపలికి దిగి, దీపం పట్టుకుని
అతుకు అతుకూ తడిమి చూడొచ్చు.
ఛత్రపురం ఫ్యాక్టరీ ఆగదు మరి.
ఈ అమ్మోనియా గోళం ఎప్పుడు చూసినా నిండు చూలాలే.

అందుకే బయటినుంచి చెవి.
గ్రీజు పూసి అంటించిన ఇరవైనాలుగు సెన్సార్లు.
పీడనం కొద్దికొద్దిగా పెంచుతూ
తెరమీద చుక్క కోసం కూర్చున్నాం.
ఉక్కు చీలేముందు మూలుగుతుంది,
మనిషికి వినపడనంత సన్నగా.

కేబుళ్లు మోసే కారయ్యది ఆర్యపల్లి.
వల మానేసి పదకొండేళ్లు.
"మా అయ్య తెడ్డు నీట్లో ముంచి
పిడికి సెవి ఆనిచ్చీవోడు బాబూ.
కానాగంతల గుంపొచ్చిందో నేదో
సెప్పీసీవోడు."

మూడో కాలి దగ్గర,
ఉప్పుగాలి కొరికిన పెయింటు వెనక,
ఒక చుక్క.
చాలాసేపటికి ఇంకొకటి.
గేజి పెడితే ఇరవయ్యారు ఉండాల్సిన మందం
ఇరవైమూడున్నర.

'పరిశీలనలో ఉంచవలెను' అని రాశాను.
రాయడానికి ఎంత తేలికైన మాట!
గోడ అవతల షిఫ్టు బస్సు,
కిటికీల్లో క్యారియర్లు, నిద్రమొహాలు.

సంతకానికి కలం తీసేసరికి
కారయ్య ఆ కాలికి చెవి ఆనించి ఉన్నాడు.
"ఏం వినపడుతోంది?"

"ఏటీ నేదు బాబూ" అన్నాడు,
చెవి తియ్యకుండానే.